డబుల్ లేయర్ డీవీడీ: ఎన్నో నిమిషంలో ఆగిందో చూస్తే జబ్బు తెలుస్తుంది

నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్లలో పెళ్లి వీడియో అంటే చాలా ఏళ్లపాటు డీవీడీయే. మిక్సింగ్ చేసేవాళ్లు మూడు నాలుగు కాపీలు రైట్ చేసి, మీద వధూవరుల ఫొటో స్టిక్కరు అంటించి, ప్లాస్టిక్ బాక్సులో పెట్టి ఇచ్చేవారు. తిరునాళ్లలో తెల్లవార్లూ ఆడిన పద్యనాటకాలు, ఒంగోలు జాతి ఎద్దుల బండలాగుడు పోటీలు కూడా ఇలాగే డిస్కులకెక్కాయి. వీటన్నిటితో వచ్చిన చిక్కు నిడివి. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. బొమ్మ బాగుండాలంటే సెకనుకు 5 మెగాబిట్లయినా ఇవ్వాలి. ఆ లెక్కన రెండు గంటల ఐదు నిమిషాలకే డిస్క్ నిండిపోతుంది. అంతకంటే పొడవైనదాన్ని ఒకే డిస్కులో ఇవ్వమంటే 8.5 జీబీ పట్టే డబుల్ లేయర్ డిస్క్ తీసుకోవాల్సిందే.

ఆ డిస్కులే ఇప్పుడు ఎక్కువగా సతాయిస్తున్నాయి. కంప్యూటర్లో ఆడుతుంది, ఇంట్లో ప్లేయర్లో ఆడదు. లేదా పుట్టింట్లో ప్లేయర్లో ఆడి, అత్తగారింట్లో పెడితే "నో డిస్క్" అని పడుతుంది. అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు మాత్రం ఇది: "గంటసేపు బాగానే ఆడింది, ఆడికొచ్చేసరికి నిలబడిపోతా ఉండాది." దీనికి బజార్లో దొరికే జవాబులు రెండే. రిపేరు షాపులో అడిగితే డిస్కే బాగోలేదంటారు. డిస్క్ రైట్ చేసినవాళ్లని అడిగితే ప్లేయర్ లెన్స్ పోయిందంటారు. ఇద్దరిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. కానీ సరిగ్గా ఎన్నో నిమిషంలో ఆగిందని ఇద్దరూ అడగరు. డబుల్ లేయర్ డిస్కు విషయంలో ముందు అడగాల్సింది అదే.

గట్టు దాకా వెళ్లి తిరిగొచ్చే ట్రాక్

డీవీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఒకే బిళ్లలా ఉన్నా, నిజానికి 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి ఉంటాయి. రికార్డయినదంతా ఆ రెంటి మధ్యే ఉంటుంది. డబుల్ లేయర్ డిస్కులో అక్కడే రెండు పొరలుంటాయి. లెన్స్‌కి దగ్గరగా ఉన్న మొదటి పొర తన మీద పడ్డ కాంతిలో కొంత వెనక్కి పంపి, కొంత లోపలికి వదులుతుంది. దాని వెనక, మిల్లీమీటరులో దాదాపు ఇరవయ్యో వంతు దూరంలో రెండో పొర ఉంటుంది. ప్లేయర్లో ఉండేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ ఒక్కటే. లెన్స్ కాస్త కదిలి ఫోకస్ మార్చుకుంటే పొర మారినట్టు.

ఈ నిర్మాణం వల్ల మొదట నష్టపోయేది కాంతి. సింగిల్ లేయర్ డిస్క్ తన మీద పడ్డ కాంతిలో 45 నుంచి 85 శాతం వెనక్కి పంపాలని ప్రమాణం. ఫ్యాక్టరీలో అచ్చయిన డబుల్ లేయర్ డిస్కుకి అది 18 నుంచి 30 శాతమే. ఇంట్లో రైట్ చేసినదానికైతే 16 శాతం దాకా కూడా పడిపోవచ్చు. అంటే లెన్స్ వీక్ అయిన ప్లేయర్ మామూలు డీవీడీలన్నిటినీ చక్కగా ఆడించి, దీని దగ్గర చేతులెత్తేస్తుంది. "మిగతావన్నీ ఆడుతున్నాయి, ఇదొక్కటే ఆడటం లేదు కాబట్టి తప్పు డిస్కుదే" అనే వాదన ఇక్కడ నిలబడదు.

రెండోది దారి. వీడియో డీవీడీల్లో మొదటి పొర లోపలి అంచు నుంచి బయటి అంచుకి ఆడుతుంది. అక్కడ పొర మారి, రెండోది బయటి అంచు నుంచి మళ్లీ లోపలికి వస్తుంది. చాలులో ఎద్దులు గట్టు దాకా వెళ్లి, అక్కడ మలుపు తిరిగి పక్క చాలులో వెనక్కొచ్చినట్టు. మామూలు డిస్కులో సినిమా చివర వచ్చేది డిస్క్ బయటి అంచు దగ్గర. నిండుగా రైట్ చేసిన డబుల్ లేయర్‌లో బయటి అంచుకి వచ్చేది సినిమా మధ్యభాగం. చివరి సీను తిరిగి రంధ్రం పక్కకే చేరుతుంది. మధ్యలో ఆగిందంటే అందరూ పొర మారే చోటే కారణమని అనుకుంటారు గానీ, చాలాసార్లు అక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఒకే చోట కాపురం ఉంటాయి.

అసలు మొదలే కాకపోతే

డిస్క్ లోపలికెళ్లి, కాసేపు గిరగిరా తిరిగి, "నో డిస్క్" అనో "బ్యాడ్ డిస్క్" అనో పడితే పొర మార్పు దాకా వెళ్లాల్సిన పని లేదు. ప్లేయర్ మొట్టమొదట చదివేది రంధ్రం చుట్టూ ఉండే లీడ్-ఇన్ అనే భాగం. అది అర్థం కాకపోతే మిగతాది ఎంత బాగున్నా దండగ.

దీనికి చవకైన పరీక్ష ఒకటుంది. ఇంట్లో ఎప్పుడో కొన్న ఒరిజినల్ సినిమా డీవీడీలు ఉంటే, వాటిలో ఒకదాన్ని కంప్యూటర్లో పెట్టి సైజు చూడాలి. 4.7 జీబీ దాటితే అది అచ్చు డబుల్ లేయర్ డిస్క్. దాన్ని అదే ప్లేయర్లో వేసి రెండో సగం కూడా ఆడించాలి. అదీ మొరాయిస్తే లెన్స్ సంగతే చూడాలి. అది పూర్తిగా ఆడి, ఇంట్లో రైట్ చేసినది మాత్రం ఆడకపోతే ఇక రైటింగ్‌లో వెతకాలి.

రైటింగ్‌లో ముందు అనుమానించాల్సింది ఫైనలైజ్ చేయకుండా వదిలేయడం. ఇంకా ఏమైనా చేర్చుకోవచ్చని డిస్కుని తెరిచి ఉంచితే కంప్యూటర్ సర్దుకుపోతుంది, టీవీ పక్కన ఉండే ప్లేయర్ సర్దుకోదు. ఇది సరిచేయడం తేలిక: అదే డ్రైవ్‌లో పెట్టి, రైటింగ్ ప్రోగ్రాములో క్లోజ్ డిస్క్ అనే ఆప్షన్ నొక్కితే చాలాసార్లు డిస్క్ దక్కుతుంది.

తర్వాత బుక్ టైప్. ప్రతి డిస్కూ తాను ఏ రకమో లీడ్-ఇన్‌లోనే చెప్పుకుంటుంది. డీవీడీ ప్లస్ ఆర్ (DVD+R) డబుల్ లేయర్ అనే రకం మార్కెట్లోకి వచ్చింది 2004లో. మైనస్ ఆర్ (DVD-R) డబుల్ లేయర్ ఆ తర్వాత వచ్చింది. అంతకుముందు తయారైన ప్లేయర్లకి ఈ పేర్లు తెలియవు. తెలియని పేరు కనబడగానే కొన్ని అసలు ప్రయత్నమే చేయకుండా డిస్కుని బయటికి నెట్టేస్తాయి. ప్లస్ రకంలో ఒక వెసులుబాటు ఉంది. రైట్ చేసేటప్పుడే బుక్ టైప్‌ని డీవీడీ-రోమ్ (DVD-ROM) అని, అంటే అచ్చు డిస్క్ అని, రాయించవచ్చు. చాలా డ్రైవులు ప్లస్ డబుల్ లేయర్‌కి ఈ పని అడగకుండానే చేస్తాయి. చేయని వాటికి ఇమ్‌గ్‌బర్న్ లాంటి ఉచిత ప్రోగ్రాములో సెట్టింగ్ ఉంటుంది. 2013 తర్వాత దీనికి కొత్త వెర్షన్ రాలేదు గానీ, ఈ పనికి ఇప్పటికీ ఇదే గట్టిది. మైనస్ రకం డిస్కులో ఆ పేరు ఫ్యాక్టరీలోనే అచ్చయి వస్తుంది కాబట్టి మార్చే వీలు లేదు. పైగా మైనస్ డబుల్ లేయర్‌ని కొన్ని ప్రోగ్రాములు లేయర్ జంప్ అనే పద్ధతిలో రాస్తాయి, పాత ప్లేయర్లకి అది బొత్తిగా అంతుపట్టదు. రెండు రకాలూ షాపులో ఉంటే ప్లస్ తీసుకోవడమే మంచిది. సింగిల్ లేయర్ డిస్కుల్లో ప్లస్సా మైనస్సా అనేది పెద్ద విషయం కాదు, డబుల్ లేయర్‌లో అవును.

సరిగ్గా ఒకే క్షణంలో ఆగితే

ఎన్నిసార్లు వేసినా, ఏ ప్లేయర్లో వేసినా 1 గంట 12 నిమిషాల 40 సెకన్ల దగ్గరే ఆగుతుంది. అంతవరకూ బొమ్మలో ఒక్క మచ్చ లేదు. చాప్టర్ బటన్ నొక్కి దాటిస్తే ఆ తర్వాతిదంతా శుభ్రంగా ఆడుతుంది. ఇదీ పొర మార్పు తప్పుగా పడ్డ లక్షణం. ఇందులో డిస్క్ నాణ్యతకీ లెన్స్‌కీ సంబంధం లేదు. రైట్ చేసిన పద్ధతిలోనే ఉంది తప్పు.

డీవీడీ వీడియోలో సినిమా మొత్తం సెల్స్ అనే ముక్కలుగా ఉంటుంది. మామూలుగా ఒక్కో చాప్టర్ మొదలయ్యే చోట కొత్త సెల్ మొదలవుతుంది. పొర మార్పు ఏదో ఒక సెల్ మొదట్లోనే పడాలి, అక్కడ కొద్దిగా ఆగవచ్చని ప్లేయర్‌కి ముందే తెలిపే గుర్తు ఐఎఫ్ఓ (IFO) అనే సమాచార ఫైల్‌లో ఉండాలి. ఈ రెండూ ఉంటే ప్లేయర్ అర సెకనో సెకనో ఆగి ముందుకు సాగుతుంది. ఆ మాత్రం ఆగడం లోపం కాదు, అచ్చు సినిమా డిస్కుల్లోనూ అది ఉంటుంది.

తంటా ఎక్కడొస్తుందంటే, సినిమా ఫైళ్లన్నీ ఉండే వీడియో టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్‌ని డేటా డిస్కులాగా లాగి వదిలి రైట్ కొట్టినప్పుడు. అప్పుడు ప్రోగ్రాముకి అది వీడియో అన్న స్పృహ ఉండదు. మొదటి పొరని అంచు దాకా, అంటే ప్లస్ డిస్కులో 20,86,912 సెక్టార్ల (డేటా రాసే చిన్న చిన్న గదులు) దాకా నింపేసి, ఆ తర్వాతి సెక్టార్ నుంచి రెండో పొరలో రాస్తుంది. పొర మారే చోట ఏముందో దానికి పట్టదు. సీతారాములు మాట్లాడుకుంటున్నారా, పద్యం రాగం మధ్యలో ఉందా, పురోహితుడు మంగళసూత్రం చేతికిచ్చాడా, ఏదైనా సరే మొదటి పొర నిండిన చోట కోసేస్తుంది. కంప్యూటర్‌కి ముందే చదివి పెట్టుకునేంత మెమరీ ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. ప్లేయర్‌కి ఉండేది చిన్న బఫర్. లెన్స్ ఫోకస్ మార్చుకునేలోపు అది ఖాళీ అవుతుంది. కొన్ని తేరుకుంటాయి, కొన్ని అలాగే బిగుసుకుపోతాయి.

డిస్కుని వీడియో డిస్కుగానే తయారు చేసి, పొర మార్పు ఎక్కడ పడాలో మనమే ఎంచుకోవడం దీనికి మందు. ఇమ్‌గ్‌బర్న్ అయితే పనికొచ్చే చోట్లన్నీ వరసగా చూపించి ఎంచుకోమంటుంది. ఇక్కడ చాలామందికి ఎదురయ్యే సమస్య, పనికొచ్చే చోటు ఒక్కటీ లేదని అది చెప్పడం. దానికీ లెక్క ఉంది. మొదటి పొరలో ఉన్నది రెండో పొరలో ఉన్నదానికంటే తక్కువ కాకూడదు. అంటే పొర మార్పు మొత్తం డేటాలో సగం దాటాకే పడాలి. మరోవైపు మొదటి పొరలో పట్టేది దాదాపు 4.27 జీబీ, అంతకు మించడానికి లేదు. డిస్కులో 8.4 జీబీ కుక్కితే సగం 4.2 దగ్గర వస్తుంది, పై హద్దు 4.27. మధ్యలో మిగిలింది 70 ఎంబీ. సెకనుకు 6 మెగాబిట్ల వీడియోలో అది ఒకటిన్నర నిమిషం. పది నిమిషాలకో చాప్టర్ పెట్టినవాళ్లకి ఆ ఒకటిన్నర నిమిషంలో చాప్టర్ పడితే అదృష్టమే. అదే డేటాని 7.4 జీబీకి తగ్గిస్తే సగం 3.7, పై హద్దు అదే 4.27. ఇప్పుడు చేతిలో 570 ఎంబీ, దాదాపు పన్నెండు నిమిషాలకి పైగా చోటుంది. తెర పడిన చోటో, ముహూర్తం అయ్యి తలంబ్రాలు మొదలయ్యే చోటో చూసుకుని అక్కడ పొర మార్చేయవచ్చు.

అందుకే నాటకాన్ని ఏకబిగిన ఒకే చాప్టర్‌గా ఆథరింగ్ (వీడియోని డీవీడీ రూపంలోకి కూర్చడం) చేయడం డబుల్ లేయర్‌కి బొత్తిగా పనికిరాదు. చాప్టర్ ఎంచుకుని చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా, ఐదు నిమిషాలకొకటి పెట్టుకుంటే ఈ గండం గట్టెక్కుతుంది. ఇంకో జాగ్రత్త: డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా మార్చే ఐఎస్ఓ ఇమేజ్ తయారు చేస్తే పక్కనే చిన్న ఎండీఎస్ ఫైల్ ఒకటి పుడుతుంది. పొర మార్పు స్థానం ఉండేది అందులోనే. పనికిమాలిన ఫైల్ అనుకుని దాన్ని తీసేసి, ఐఎస్ఓ మాత్రమే పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే షాపులో రైట్ చేయించుకుంటే కథ మొదటికొస్తుంది.

మధ్యలోనే, కానీ చోటు మారుతూ ఆగితే

పైదానికీ దీనికీ తేడా కనిపెట్టడం కష్టం కాదు. ఆగే ముందు పది నిమిషాల నుంచే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, మాట తెగుతుంది. ఒకసారి 65వ నిమిషంలో, ఇంకోసారి 71లో ఆగుతుంది. దాటించినా కాసేపటికి మళ్లీ అదే తంతు, ఆ పైన క్రమంగా బాగుపడుతుంది. ఇది బయటి అంచు జబ్బు.

డిస్కులో బయటి అంచు అన్నివిధాలా బలహీనమైన చోటు. రంగు పూత సమంగా పరుచుకోవడం అక్కడే కష్టం. డిస్క్ కొంచెం వంగితే ఆ వంపు ఎక్కువగా కనబడేది అక్కడే. వేళ్లతో పట్టుకునేదీ అక్కడే. మే నెలలో నెల్లూరు, ఒంగోలు ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన డిస్క్ మళ్లీ చదునుగా ఉంటుందని ఆశపడకూడదు. మీద అంటించే ఫొటో స్టిక్కరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కాగితం ఒకవైపు గుంజుకుని డిస్కుని వంచుతుంది, కాస్త పక్కకి అంటితే తిరిగేటప్పుడు బరువు తప్పుతుంది. సింగిల్ లేయర్ ఈ మోటుతనాన్ని భరించింది, డబుల్ లేయర్‌కి అంత ఓపిక లేదు. పేరు రాయాలంటే మార్కర్ పెన్ను చాలు. డీవీడీలో డేటా రెండు పలకల మధ్య ఉంటుంది కాబట్టి పైన మార్కర్‌తో రాస్తే పాడయ్యేదేమీ లేదు. ఫొటో కావాలంటే మీద నేరుగా ప్రింటయ్యే తెల్ల డిస్కులున్నాయి.

ముందు డిస్కుని తుడిచి చూడాలి. మెత్తటి గుడ్డతో రంధ్రం దగ్గర నుంచి బయటికి తిన్నగా లాగాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే పోతుంది, అలాంటి గీతని దాటడం ప్లేయర్‌కి కష్టం. అడ్డగీతలు ఎన్ని ఉన్నా అది సర్దుకుంటుంది.

కొత్తగా రైట్ చేసేటప్పుడైతే దీనికి మందు కూడా ఇందాకటిదే: నిండా నింపకపోవడం. 7 జీబీ డేటాని సగం సగం చేసి పొర మార్పుని 3.5 దగ్గర పెడితే లేజర్ అసలు ఆ చెడ్డ అంచు దాకా వెళ్లదు. డబ్బా మీద 8.5 అని ఉంటే 8.5 వాడుకోవాలనే పట్టుదల ఇక్కడ నష్టం. పైగా ఆ 8.5 కూడా విండోస్‌లో 7.96గానే కనబడుతుంది, రెండు లెక్కలూ ఒకటే అనుకుని కుక్కేవాళ్లూ ఉన్నారు.

రెండో సగం పూర్తిగా రాకపోతే

మొదటి సగం అద్దంలా ఆడి, ఆ తర్వాత ఎంత దాటించినా ఏమీ రాకపోతే రెండో పొరే చదవడం లేదన్నమాట. వేరే ప్లేయర్లో, ఒక డెస్క్‌టాప్ డ్రైవ్‌లో వేసి చూడాలి. అక్కడ ఆడితే లెన్స్ సమస్య. ఎక్కడా ఆడకపోతే రెండో పొర సరిగా రైట్ కాలేదు. ఆ పొరని రాసే లేజర్ మొదటి పొరలోంచి దూరి పోవాలి, కాబట్టి దానికి శక్తి ఎక్కువ కావాలి. యూఎస్‌బీ కేబుల్ నుంచే కరెంటు తీసుకునే పల్చటి డ్రైవులు ఇక్కడే దొరికిపోతాయి. హబ్‌కి తగిలించినా, పాత ల్యాప్‌టాప్ పోర్టు బలం చాలకపోయినా మొదటి పొర బాగానే రాసి రెండో దాంట్లో తడబడతాయి. డెస్క్‌టాప్‌లో బిగించే డ్రైవ్‌కి ఈ బాధ లేదు.

స్పీడు గురించి ఉన్న నమ్మకం ఒకటి సవరించుకోవాలి. ఎంత నిదానంగా రాస్తే అంత మంచిదని చాలామంది 2.4 ఎక్స్‌కి దించేస్తారు. ఆ స్పీడులో నిండు డిస్క్ రాయడానికి దాదాపు 43 నిమిషాలు పడుతుంది. 2.4 ఎక్స్ కోసమే తయారైన తొలినాటి డిస్కులకి అది సరే. 8 ఎక్స్ అని ఉన్న డిస్కుకి, కొత్త డ్రైవ్‌కి అది నప్పకపోవచ్చు. 4 ఎక్స్ అయితే సుమారు 26 నిమిషాల్లో అయిపోతుంది, ఎక్కువ సందర్భాల్లో అదే క్షేమం. అంతసేపూ కరెంటు పోకూడదు కదా, ఇన్వర్టర్ లేని చోట వేసవి మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకపోవడం మేలు. మధ్యలో ఆగిన డబుల్ లేయర్ డిస్క్ ఇంక దేనికీ పనికిరాదు.

డిస్క్ కంపెనీ కూడా ముఖ్యమే, కానీ డబ్బా మీద పేరొకటి, లోపల తయారీ ఒకటి అయ్యే సందర్భాలు ఎక్కువ. ప్రతి ఖాళీ డిస్కులోనూ తయారీదారు కోడ్ ఉంటుంది, ఇమ్‌గ్‌బర్న్‌లో పెట్టగానే కనబడుతుంది. డబుల్ లేయర్‌లో పేరు తెచ్చుకున్న వెర్బాటిమ్ డిస్కులకి అది ఎంకేఎం అని మొదలవుతుంది. ఆ కోడ్ చూసే డ్రైవ్ ఎంత శక్తితో, ఎలా రాయాలో నిర్ణయించుకుంటుంది. తన జాబితాలో లేని కోడ్ వస్తే ఉజ్జాయింపుగా రాస్తుంది. అందుకే పాత డ్రైవ్‌లో కొత్త డిస్కులు వరసగా చెడిపోతుంటే డిస్కుల మీద ఇంకో డబ్బా ఖర్చు పెట్టేముందు డ్రైవ్ ఫర్మ్‌వేర్‌కి (దాన్ని లోపలి నుంచి నడిపే ప్రోగ్రాముకి) అప్‌డేట్ ఉందేమో చూడాలి. ఒకప్పుడు మన ఊళ్లలో ప్రతి కంప్యూటర్ షాపులోనూ దొరికిన మోసర్ బేర్ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కి వెళ్లిపోయింది, వెర్బాటిమ్ కూడా 2019లో తైవాన్‌కి చెందిన సీఎంసీ చేతికి మారింది. పాత స్టాకు తెచ్చి పెట్టుకున్న షాపుల్లో డిస్కు వయసు కూడా ఆలోచించాల్సిన విషయమే.

రైట్ అయ్యాక వెరిఫై పాసయ్యిందని నిశ్చింతగా ఉండటానికి లేదు. రాసిన డ్రైవే తన రాతని చదువుకుంటుంది. తన చేతిరాత తనకి అర్థం కావడంలో వింత లేదు. ఇచ్చే ముందు పొర మారే చోటుకి ముందు ఐదు నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు ఏదైనా పాత ప్లేయర్లో ఆడించి చూస్తే అసలు పరీక్ష అయినట్టు.

ఇక లేయర్లతో సంబంధం లేని తప్పులూ ఉన్నాయి, అవి త్వరగా తేలిపోతాయి. ఫోన్‌లో తీసిన ఎంపీ4 ఫైళ్లని అలాగే డిస్కులో వేస్తే పాత ప్లేయర్ ఆడించదు. బిట్‌రేట్ 10 మెగాబిట్లు దాటించి ఎన్‌కోడ్ చేస్తే హడావుడి సీన్లలో, మేళతాళాలప్పుడు తడబడుతుంది. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే, పైకి దొర్లిపోతుంటే అది పాల్, ఎన్‌టీఎస్‌సీ అనే రెండు టీవీ పద్ధతుల గొడవ. రిమోట్‌లోనే సరిచేయొచ్చు.

లెన్స్ విషయం

ప్లేయర్‌దే తప్పని తేలాక కూడా వెంటనే పికప్ (లెన్స్, లేజర్ కలిసి ఉండే భాగం) మార్చనక్కర్లేదు. ముందు మూత విప్పి, దూదిపుల్లకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది లెన్స్ మీద తేలిగ్గా తిప్పాలి. నొక్కకూడదు, ఆ లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతుంటుంది. దుమ్ము వల్ల తగ్గిన కాంతి ఇలా తిరిగొస్తే డబుల్ లేయర్ మళ్లీ ఆడొచ్చు.

కొందరు మెకానిక్‌లు ఇంకో చిట్కా వాడతారు. పికప్ మీదుండే చిన్న ప్రీసెట్‌ని తిప్పి లేజర్ పవర్ పెంచుతారు. వెంటనే డిస్క్ ఆడుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ అరిగిపోతున్న డయోడ్‌ని ఎక్కువ కరెంటుతో తోలితే మిగిలిన ఆయుష్షు కూడా తొందరగా కరిగిపోతుంది. ఒక్కసారి ఆడించి కాపీ తీసుకోవాలనుకుంటే తప్ప ఆ పని చేయించడం దండగ. చవక ప్లేయర్లలో ఎక్కువభాగం ఒకటి రెండు రకాల పికప్‌లే వాడాయి, మార్చేయడమే నయం.

ఇంట్లో ఉన్నవాటిని దక్కించుకోవడం

కొత్తగా ఎవరైనా పెళ్లి వీడియో డీవీడీలో కావాలంటే ఇచ్చే సలహా ఒకటే: డబుల్ లేయర్ వద్దు, రెండు మామూలు డిస్కులు చేయించుకోండి. ఖర్చు తక్కువ, ఆడని ప్లేయర్ అరుదు. విరామంలో లేచి డిస్క్ మార్చడం అంత పెద్ద కష్టమేం కాదు. డబుల్ లేయర్‌తో తంటాలు పడాల్సింది ఇప్పటికే ఇంట్లో ఉన్న పాతవాటితోనే.

వాటిలో కొన్ని నీళ్లలో కూడా మునిగాయి. 2021 నవంబరు పెన్నా వరదకి నెల్లూరు చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు బీరువాల అడుగు అరల్లో ఉన్న ఆల్బమ్‌లూ డిస్కులూ బురదయ్యాయి. బురద ఎండిన డిస్కుని గుడ్డతో రుద్దితే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు మంచినీళ్లలో నానబెట్టి, మెత్తటి సబ్బు నీళ్లతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. స్టిక్కరు ఊడొస్తుంటే గట్టిగా పీకకూడదు. అంచు దగ్గర రెండు పలకల మధ్యకి నీళ్లు దిగి తెల్లటి పొగలాంటి మరక కనబడితే ఆ డిస్కులో మొదట పోయేది అంచు భాగమే, అంటే వీడియో మధ్యభాగం.

కాపీ తీసేటప్పుడు ఈ సంగతే ఉపయోగపడుతుంది. డీవీడీ వీడియోలో సినిమా ఒక్కోటి సుమారు 1 జీబీ ఉండే వీఓబీ ఫైళ్లుగా ఉంటుంది. నిండు డబుల్ లేయర్‌లో అవి ఏడెనిమిది దాకా ఉంటాయి. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి కాపీ కొడితే నాలుగో ఫైల్ దగ్గర డ్రైవ్ గింజుకుని, మొత్తం పని ఆగిపోతుంది. మిగతావి బాగున్నా చేతికి రావు. మొదటి మూడు, చివరి మూడు విడివిడిగా ముందు కాపీ చేసుకుని, నాలుగు, ఐదు నంబర్లని ఆఖరున పట్టుకోవాలి. ఆ రెంటినీ ఒకే డ్రైవ్‌లో పదేపదే తిప్పేకన్నా, ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్, వీలైతే వేరే కంపెనీ డ్రైవ్ మార్చి మార్చి ప్రయత్నిస్తే ఒకటి చదవలేని చోటు ఇంకోటి చదువుతుంది. లినక్స్ తెలిసినవాళ్లు దొరికితే డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఇదే పని సెక్టార్ల లెక్కన చేస్తుంది. చదవగలిగినదంతా ముందు తీసుకుని, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి తర్వాత మళ్లీ వస్తుంది, వెనక నుంచి ముందుకి కూడా చదువుతుంది. డ్రైవ్ మార్చినా వదిలేసిన చోటు నుంచే మొదలుపెడుతుంది. అలా వచ్చిన వీఓబీలు వీఎల్‌సీ ప్లేయర్లో నేరుగా ఆడతాయి. నాలుగో ఫైల్‌లో రెండు నిమిషాలు పోయినా మిగతా మూడు గంటలు దక్కుతాయి.